ఎలీషా మాట్లాడని నాలుగు రోజులు

బుడమేరు పొంగి బెజవాడను ముంచిన ఏడు నాటిన మిరప అది. వరద తీసి ఆరు నెలలైంది. చేలు మూడో కోతకొచ్చాయి. చర్చిలో నలభై రోజుల ఉపవాసాలు నడుస్తున్నాయి.

వెనకటి వారం చదవని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. చీరాల రోడ్డు పక్కన, మిరపచేల మధ్య, బేతనియ అని మా చోటు. ఒక చర్చి, వరసగా అయిదు గదులు, ఒకటే వంటిల్లు. ఎవరూ లేని వాళ్ళు కలిసి బతకడానికి తోమా అయ్యగారు కట్టించారు. అప్పటికి మేం అయిదుగురం. అయ్యగారు గడియారం చూడకుండా మంచినీళ్ళయినా తాగరు. వంట చూసే రెబ్కమ్మ, తను గిన్నె బోర్లించే చోట ఇంకో గిన్నె పెడితే ఆ పూట మనతో మాట్లాడదు. ఎలీషా ముప్పై ఏళ్ళు మిరపకోత ముఠాలకు మేస్త్రి. నాలుగు చేల అవతలి మనిషిని పిలిచే గొంతుతోనే పక్కన కూర్చున్న వాణ్ణి ఉప్పు అడుగుతాడు. నోరుండీ నేను మాట్లాడను. నా పేరు జక్కరయ్య. దేవదూత మూగవాణ్ణి చేసిన జెకర్యా పేరు నాకు సరిగ్గా సరిపోయిందని ఎలీషా బంతి దగ్గర రోజుకోసారి నవ్వేవాడు.

అయిదో మనిషి ఫెబా. బడిపిల్లల బట్టలు కుట్టేది. మొగుడు పోయినావిడ అని చెప్పి రెండేళ్ళ కిందట వచ్చింది. నన్ను పెదనాన్నా అని పిలిచేది.

మంగళవారం మధ్యాహ్నం చర్చి పైకప్పు మీది మైకు హారన్ ఆమె రహస్యాన్ని చేలన్నిటికీ చెప్పేసింది. మొగుడు బతికే ఉన్నాడని, కొట్టే మనిషని, వాడి కంట పడకుండా ఇక్కడ దాక్కుందని. ఎవరో మగమనిషి ఏడుస్తూ చేసిన ప్రార్థన అది. ఏడుపులో ఆ గొంతెవరిదో తెలియక వంటింట్లోంచి రెబ్కమ్మ పరుగెత్తుకొచ్చేసరికి ఎలీషా ఆంప్లిఫయర్ గదిలోంచి బయటికి వస్తున్నాడు. నువ్వేనా అని అడిగితే బదులు చెప్పలేదు. బుధవారం పొద్దునకు ఫెబా గది ఖాళీ. ఎలీషాను ఉంచాలా పంపాలా అన్నది శనివారం సాయంత్రం సమాధానపు కూటంలో తేలుద్దామన్నారు అయ్యగారు. అక్కడ ఆగాం.

మంగళవారం నేనెక్కడున్నానని ఎవరూ అడగలేదు. చైను ప్రార్థనలో రెండు నుంచి మూడు దాకా నా వంతు, మూడు నుంచి ఎలీషాది. నేను హాల్లో మోకాళ్ళ మీద ఉన్నాను. నా కుడి చెవి పోయింది, ఎడమది సగం పనిచేస్తుంది. నాకేమీ వినపడలేదు. ఎలీషా వచ్చి నా భుజం తట్టి, "లే, నా వంతు" అన్నాడు. లేచి వెళ్ళిపోయాను.

ఫెబా ఆ సంగతి నాకొక్కడికే చెప్పింది. చిక్కుడు పాదుకు పందిరి వేస్తుంటే తాడు అందిస్తూ చెప్పింది. వంకర తిరిగిన చిటికెన వేలు చూపించింది. నోరు లేని మనిషికి చెబితే గోడకు చెప్పినట్టే అనుకుంది. ఎలీషా ఎక్కడో చాటున నిలబడి విని ఉంటాడని నేను నిశ్చయించుకున్నాను. అతని పక్కన బంతిలో కూర్చోవడం మానేశాను.

ఆ నాలుగు రోజులూ బేతనియలో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రెబ్కమ్మ మాత్రం పూట పూటకీ ఫెబా కంచం కూడా కడిగి బంతిలో పెట్టేది. ఎవరూ తియ్యమనలేదు. ఖాళీ కంచం ఎదురుగా పెట్టుకుని తిన్నాం. మధ్యాహ్నం నడుం వాలిస్తే నా సగం చెవికి కుట్టు మిషను చప్పుడు వినిపించేది. లేచి వెళ్ళి చూసేవాణ్ణి. ఫెబా గదికి గడియ వేసినట్టే ఉండేది. కిటికీలోంచి చూస్తే మిషను మీద గుడ్డ కప్పి ఉంది. వెనక్కి వచ్చి పడుకుంటే మళ్ళీ అదే చప్పుడు. చెవులు బాగున్న వాళ్ళకు వినపడనిది నాకెందుకు వినపడుతోందో అర్థం కాలేదు.

శనివారం పన్నెండింటికి కోత ఆపి, కరీమున్ మా కుళాయి దగ్గరికి నీళ్ళకొచ్చింది. మా ఊరి మనిషే. ముప్పై ఏళ్ళుగా కాయ కోస్తోంది. చేతులు మండుతున్నాయేమో, ముందు నీళ్ళ కింద పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది.

"ఆ పిల్ల రాలేదా పెద్దాయనా?"

రాలేదని తల ఊపాను.

"పాపం. ఆ ప్రార్థన విని కోత ఆపి నిలబడ్డాం అందరం. కొత్తపట్నం వైపు నుంచి కోతకొచ్చినోళ్ళు నలుగురున్నారు మాతో. వాళ్ళకి ఆ మొగుడు తెలుసంట. అప్పుడే ఫోన్లు చేసుకున్నారు." సీసా కుళాయి కింద పెట్టింది. "ఎలీషా మేస్త్రి అన్నాడని మీవాళ్ళంటున్నారంటగా. నాకు నమ్మబుద్ధి కావట్లా."

నేను ఆమె వైపు చూశాను.

"మేస్త్రి గొంతు నాకు తెలీదా? పదేళ్ళు ఆయన ముఠాలో వెళ్ళా. ఆయన ప్రభువా అంటే కొంగలు లేచిపోతాయి. ఇది ఆ గొంతు కాదు. ఇదెవరో మాట అలవాటు లేని మనిషి. ఒక మాట అనటం, ఆగటం. మళ్ళీ ఒక మాట, ఆగటం. చీకట్లో మెట్లు దిగుతున్నట్టు."

"ఏమన్నాడు?" అన్నాను.

నేను ఆమెను ఒక మాట అడగడం అదే మొదలు. సీసా నిండి పొర్లుతున్నా ఆమె చూసుకోలేదు.

"ఈ పిల్ల మొగుడు పోలేదు స్వామీ, బతికే ఉన్నాడు అన్నాడు. వేలు విరిచాడు అన్నాడు. వాడి కంట పడనీకు అన్నాడు. నాకు పిల్లల్లేరు, దీన్ని నాకుంచు అన్నాడు. ఆ మాటకి మా ముఠాలో షాజాదీ కొంగు నోట్లో కుక్కుకుంది."

ఆమె సీసా తీసుకుని వెళ్ళిపోయింది. నేను కుళాయి కట్టలేదు.

దీన్ని నాకుంచు. ఆ మాట నాది. మంగళవారం హాల్లో ఎవరూ లేరు. అయ్యగారు చీరాల వెళ్ళారు. పన్నెండింటికి పాట వేసే వేళకు కరెంటు పోయింది. వేసిన మైకు స్విచ్చి ఎవరూ తియ్యలేదు. ఉక్కపోస్తోంది. తలుపు దగ్గరికి వేసుకుని, ప్రసంగ పీఠం ముందు, మైకు స్టాండు పక్కనే మోకాళ్ళు వేశాను. ముందురోజు ఫెబా, ఎవరో తన ఊరి మనిషిని చీరాలలో చూశానని భయపడింది. ఆ బరువు లోపల పట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు తెరిచి ప్రార్థించాను. లోపలి స్పీకరు బాక్సు తీగ ఎలుకలు కొరికి నెలైంది, పైన హారన్ ఒక్కటే పలుకుతుంది.

నడుమలో ఫ్యాను తిరిగింది. చల్లగాలి వీపుకి తగిలింది. దేవుడు విన్నాడనుకున్నాను. ఇంకా గట్టిగా ఏడ్చాను.

కుళాయి దగ్గర నుంచి తలెత్తి చేలవైపు చూశాను. కోతవాళ్ళు చింత నీడన సద్ది మూటలు విప్పుకుంటున్నారు. గాలి అటు నుంచి ఇటు తిరిగింది. నా గొంతు ఆ ఎర్రటి సాళ్ళ మధ్య ఇంకా తిరుగుతూ ఉన్నట్టూ, ఇప్పుడు నాకోసం వెనక్కి వస్తున్నట్టూ అనిపించింది. కుట్టు మిషను చప్పుడు ఆగిపోయింది. దాని బదులు ఇది మొదలైంది.

ఎలీషా గదికి వెళ్ళాను. దుప్పట్లు మడిచి చాపలో చుడుతున్నాడు. నన్ను చూసి, "రావయ్యా. నాలుగు రోజులకి దయ కలిగిందా?" అన్నాడు.

"నేనేనా?" అన్నాను.

"ఏది నువ్వేనా?"

"మైకులో."

అతను లేచి వెళ్ళి తలుపు మూశాడు. ఎలీషా తలుపు మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరు చెప్పారు?"

"కరీమున్."

"దాని నోరు పడ. ముఠాలో ఉన్నప్పుడూ అంతే, కాయల కన్నా కబుర్లు ఎక్కువ కోసేది." చాప మీద కూలబడ్డాడు. తర్వాత అతను మాట్లాడింది చాలా మెల్లగా. ఎలీషా మాట కోసం ఎడమ చెవి దగ్గరగా పెట్టాల్సి రావడం నాకు అదే మొదటిసారి.

"గేటు దగ్గరున్నా. హారన్ పలికింది. అయ్యగారు చీరాల వెళ్ళారుగా, ఎవర్రా ఇది అనుకున్నా. రెండు మాటలకి తెలిసిపోయింది. పరిగెత్తా. ఈ మోకాళ్ళతో ఎంత పరిగెడతాను. స్విచ్చి తీసేసరికి నువ్వు అనాల్సిందంతా అనేశావు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవాడివి?"

నేను ఊరుకున్నాను.

"చూశావా. అదే చేసేవాడివి." చేతిలో తాడు ముడి వేస్తూ, విప్పుతూ ఉన్నాడు. "తొమ్మిదేళ్ళుగా నీ పక్కన మోకాళ్ళు వేస్తున్నా. నీ పెదాలు కదలటం చూడలా. వీడి లోపల అసలేమన్నా ఉందా అని నలుగురిలో నవ్వా కూడా. మంగళవారం విన్నా. ఒరేయ్, నేను నలభై ఏళ్ళుగా అరుస్తున్నా. అట్టాంటి ప్రార్థన నా నోట ఒక్కటి రాలా. అది ఊరంతా విన్నదని తెలిస్తే నువ్వు మళ్ళీ నోరు తెరవవు. మా ముందు తెరవకపోతే పీడా పోయె. దేవుడి ముందు కూడా తెరవవు. నీ సంగతి నాకు తెలీదా. నాదేముంది, నోటి దురుసోడని ఎటూ అంటారు. ఇంకొకటి కలిస్తే ఏం బరువు."

"పంపేస్తారు నిన్ను."

"పేటలో మా మేనల్లుడున్నాడు. నెల భరిస్తాడు. తర్వాత వాడూ పంపేస్తాడు." నవ్వబోయాడు, చప్పుడు రాలేదు. "సాయంత్రం నువ్వేం మాట్లాడబాకు. ఒట్టెయ్యి."

"ఒట్టు పెట్టుకోవద్దన్నాడు ప్రభువు."

"ఎదురు చెబుతున్నావే. ఒక్కసారి మైకు తగిలేసరికి."

నిండు కుండ తొణకదని నన్ను చూసి అనేవాళ్ళు. నేనూ నమ్మాను. తొమ్మిదేళ్ళు అతని పక్కన తిని, అతని చప్పుడు తప్ప అతన్ని వినలేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరం రొట్టె విరిచి పంచుకునే రోజు. దానికి ముందు శనివారం పొద్దుగూకే వేళ చర్చిలో చాప మీద గుండ్రంగా కూర్చుంటాం. అదే సమాధానపు కూటం. ఒకరి మీద ఒకరికి ఉన్నది ఎదురుగా చెప్పాలి. కడుపులో దాచుకుని బల్ల దగ్గరికి రాకూడదు. అయ్యగారు గడియారం విప్పి ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతారు. నా వంతు వచ్చినప్పుడల్లా నేను తల అడ్డంగా ఊపుతాను. ఆయన తర్వాతి వాళ్ళ వైపు తిరుగుతారు.

ఆవేళ రెబ్కమ్మ మొదలుపెట్టింది.

"తినేటప్పుడు నవ్వుతాడు, మెతుకులు నా చీర మీద పడతాయి. ఓర్చుకున్నా. ప్రార్థన పేరుతో నన్ను సాధిస్తాడు. ప్రభువా, ఈ ఇంట్లో ఉప్పు వేసే చేతుల్ని బలపరచు అంటాడు. అదీ ఓర్చుకున్నా. కానీ ఎలీషన్నా, ఆడపిల్ల బతుకుని ప్రార్థన అంశం చేసి మైకులో పెడతావా? ఆ పిల్ల ఎక్కడుందో, ఎవరి చేతిలో పడిందో. నీకు తిన్నది ఎట్టా అరుగుతోంది?"

"ఎలీషా, నీ మాట చెప్పు" అన్నారు అయ్యగారు.

ఎలీషా చాప పుల్ల పీకుతూ తల వంచుకున్నాడు.

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనుకోవాలి."

మాట్లాడలేదు. నేను తొమ్మిదేళ్ళు మాట్లాడకపోతే దాన్ని భక్తి అనుకున్నారు. అతను నాలుగు రోజులు మాట్లాడకపోతే నేరం అనుకున్నారు.

"జక్కరయ్య గారూ, మీకేమన్నా ఉందా?" అలవాటుగా అడిగి, జవాబు కోసం చూడకుండానే బైబిలు తెరవబోయారు అయ్యగారు.

లేచి నిలబడ్డాను. నాకు డెబ్బై నాలుగేళ్ళు. బేతనియ కాకపోతే నాకు ఇంకో గుమ్మం లేదు. చెబితే చాప చుట్టుకోవాల్సింది నేను. అది ఒక భయం. దానికన్నా పెద్దది ఇంకోటి ఉంది. నా గొంతు మళ్ళీ ఆ హాల్లో బయటికి రావాలి. అది వస్తే ఏం జరుగుతుందో ఒకసారి చూశాను.

"అది నేనే" అన్నాను.

వాళ్ళకు అర్థం కాలేదు. "ఏది?" అన్నారు అయ్యగారు.

"మైకులో. కరెంటు లేదనుకున్నా. తర్వాత ఫ్యాను తిరిగింది. నాకు తెలీలేదు. ఎలీషా ఆపాడు."

అంతే చెప్పగలిగాను. కూర్చున్నాను. రెబ్కమ్మ నన్ను, నా నోటిని, కొత్తగా తలుపు మొలిచిన గోడను చూసినట్టు చూసింది.

"బాబాయ్, నువ్వా? నీకా గొంతుందా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె ఎలీషా వైపు తిరిగింది. "మరి నువ్వు నోరు మూసుకున్నావేం?"

"మూసుకోమని రోజూ చెప్పేది నువ్వే కదమ్మా" అన్నాడు ఎలీషా.

రెబ్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. చాప వైపు చూస్తూ చెప్పింది. "ఆ పిల్ల వాడరేవులో ఉంది. సుబ్బరావమ్మ అని వాళ్ళ పిన్ని, చేపలు ఎండబెట్టుకుని బతుకుతుంది. బుధవారం ఫోను చేసింది. ఎవరికీ చెప్పొద్దంది, చెప్పలా. కంచం తీసేస్తే నాకు తెలుసని మీరు పట్టేస్తారని రోజూ పెట్టా."

ఆ కంచం ముందు తలలు దించుకుని తిన్న ముగ్గురం ఆమెను చూశాం. గిన్నెలు లెక్క పెట్టుకునే మనిషి, ఇంత పెద్దదాన్ని నాలుగు రోజులు మూత పెట్టి ఉంచింది.

"ఇంకోటి అడిగింది" అని నా వైపు చూసింది రెబ్కమ్మ. "ఎవరైతేనేం పోనీ, పెదనాన్న మాత్రం కాదు కదా అని అడిగింది. కాదన్నా."



అయ్యగారు గడియారం తీసి, చూడకుండా జేబులో వేసుకున్నారు. తొమ్మిదేళ్ళలో ఆరాధనను అయిదు నిమిషాలైనా వెనక్కి జరిపిన మనిషి కాదు.

"రేపు బల్ల లేదు" అన్నారు. "అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని రాసి ఉంది. పొద్దున మొదటి బస్సుకి ముగ్గురూ వెళ్ళండి. ఆ పిల్ల వచ్చి ఈ చాప మీద కూర్చున్నాకే రొట్టె విరుస్తాను. మిమ్మల్ని పంపేసేదీ, ఉంచేదీ ఆమె చెప్పాలి, నేను కాదు."

మర్నాడు ఆదివారం. ఆరింటికి రోడ్డు మీద నిలబడ్డాం. కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటుకి ఎలీషా తుమ్ముతున్నాడు. రెబ్కమ్మ టిఫిను క్యారేజీలో పులిహోర పెట్టుకొచ్చింది. ఉప్పు సరిపోయిందా అని ఎలీషా అడిగితే మూతి తిప్పింది. ఫెబా ముందు ఏమనాలో నేను లోపల కూర్చుకుంటున్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోతోంది.

చీరాల బస్సు దూరంగా కనిపించింది. అదే సమయంలో ఒంగోలు వైపు నుంచి ఒక మోటారుసైకిలు వచ్చి మా పక్కన ఆగింది. ముప్పై అయిదేళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా. నాకు నమస్కారం పెట్టాడు.

"పెద్దాయనా, బేతనియ అంటే ఇదేనాండీ?" మాట చాలా మెత్తగా ఉంది. "మా ఇంటావిడ ఇక్కడుందని తెలిసింది. ఫెబా అని. చిన్న మాటపట్టింపు, అలిగి వచ్చేసింది. తీసుకుపోదామని."

బస్సు వచ్చి ఆగింది. రెబ్కమ్మ మాట్లాడకుండా ఎక్కేసింది. ఎలీషా మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆ నోరు తెరుచుకుంటే అందులోంచి ఏదైనా రావచ్చు, వాడరేవు కూడా రావచ్చు. అతనికి అబద్ధం రాదు, మెల్లగా మాట్లాడడం రాదు. అతని వీపు మీద రెండు చేతులూ పెట్టి లోపలికి నెట్టాను. నేను ఎక్కలేదు. కండక్టరు తలుపు వేశాడు.

బస్సు కదిలింది. ఆ మనిషి దాని వైపు చూశాడు. బండి ఇంజను ఇంకా ఆపలేదు. వెంటపడితే చీరాల లోపే అందుకుంటాడు.

ఎలీషా అయితే ఏం చేస్తాడని ఆలోచించాను. అతను ఎవరినైనా పట్టుకుంటే గంట దాకా వదలడు. దాన్ని తప్పించుకోవడానికి నేను తొమ్మిదేళ్ళు చిక్కుడు పాదు వెనక దాక్కున్నాను.

"ఏ ఊరు బాబూ?" అన్నాను గట్టిగా. "ఒంగోలు మీంచేనా? రోడ్డు బాగుందా? మా వైపు వరదకి కొట్టుకుపోయింది, ఇంకా వెయ్యలా. పంట కూడా ఈసారి తాలు ఎక్కువ. మీకు పొలముందా? మిరపేనా, పత్తా?"

మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒక్కటీ అబద్ధం కాదు. అతను మర్యాదకు రెండింటికి బదులు చెప్పాడు. మూడోదానికి చెప్పలేదు. తల పక్కకు వంచి వింటున్నాడు, చెప్పేదాన్ని కాదు.

ఇంజను ఆపాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"మీ గొంతు విన్నానండీ నేను" అన్నాడు, అంతే మెత్తగా. "మావాళ్ళు ఫోన్లో రికార్డు చేసి పంపారు. రెండు రోజులుగా అదే వింటున్నా. దీన్ని నాకుంచు అని అడిగింది మీరే కదా?"

బస్సు పొగాకు బారన్ల మలుపు తిరిగి కనపడకుండా పోయింది. రోడ్డు మీద మేమిద్దరమే ఉన్నాం. నేను వెళ్ళి మైలురాయి పక్కన అరుగు మీద కూర్చుని, నా పక్కన దుమ్ము తువ్వాలుతో దులిపాను.

"నేనే" అన్నాను. "కూర్చో బాబూ. ఆ వేలు సంగతి ముందు నువ్వు చెప్పు, తర్వాత నేను చెబుతాను."

అతను కూర్చున్నాడు.